ఇరుకు మెడ గిటారూ, మా జాగా బావా

ప్రపంచంలో ఏ రెండు వస్తువులు ఒకదానికొకటి మరీ దగ్గరగా కనిపించినా మా బావకి ఊపిరాడదు. వాటిని విడదీసి, మధ్యలో వేలు పెట్టి చూసి, "హమ్మయ్య, ఇప్పుడు గాలాడుతోంది" అంటే గాని కాఫీ ముట్టడు. అందుకే అందరూ ఆయన్ని జాగా బావ అంటారు, ఆయన బావ కానివాళ్ళు కూడా.

ఆయన బట్టలారేస్తే మొదటి చొక్కా మా పెరట్లో ఉండేది. చివరి చొక్కాని పక్కింటివాళ్ళు మడతపెట్టి తెచ్చిచ్చేవారు. కుటుంబమంతా ఫోటో దిగినప్పుడు "కొంచెం జరగండి" అంటూ మమ్మల్ని ఎంత ఎడంగా నిలబెట్టాడంటే, అందరినీ పట్టించడం కోసం ఫోటోగ్రాఫరు వెనక్కి నడిచి నడిచి రోడ్డు దాటేశాడు. ఆ ఫోటోలో మా అక్కకీ నాకూ మధ్య ఒక బస్సు ఉంది. నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు మమ్మల్ని చెయ్యి చాపినంత దూరంలో నిలబెట్టేవారు. బావ లెక్కలో అది తోపులాట.

అలాంటి మనిషి చేసే పని గిటార్లు బాగుచేయడం. ఆరు తీగలు ఒకే ఇరుకు గదిలో కాపురం చేసే వాద్యం! ఇంటి ముందుగదే దుకాణం. అరగదీసే ఆకురాళ్ళు ఒకదానికొకటి జానెడు దూరంలో ఉండాలి కాబట్టి బల్ల చాలక సగం వంటింటి గట్టు మీద ఉండేవి. గరిటె అనుకుని మా అక్క ఒకసారి ఆకురాయితో చారు కలిపిందని అంటారు. అన్నది నేనే అనుకోండి.

ఒకరోజు మా అన్నయ్య తన ఎలక్ట్రిక్ గిటారు తెచ్చాడు. రైలింజను డ్రైవరుగా చేరిన కొత్తలో కొన్నది. అప్పటికే పాతది, మెడ సన్నం. రిటైరయ్యాక శనివారం సాయంత్రాలు క్లబ్బులో, తన ఈడువాళ్ళ బ్యాండులో దాన్ని వాయిస్తున్నాడు. మిగతా వారమంతా ఆయన శనివారం కోసమే బతికేవాడు.

"బావా, దీనికేదో రోగమొచ్చింది. ఒక తీగ నొక్కితే పక్క తీగ మూగబోతోంది. ఈ శనివారం కూడా ఇంతే అయితే నా చోట్లో ఇంకొకర్ని పెట్టుకుంటానని డ్రమ్ములాయన మొహం మీదే చెప్పేశాడు."

నేను అన్నయ్య చేతుల వంక చూశాను. కణుపులన్నీ ఉబ్బి ఉన్నాయి.

"అన్నయ్యా, నీ వేళ్ళు..."

"గిటారుదే తప్పు!" బావ అరిచాడు. "ఇది మెడా, సూది బెజ్జమా? ఎవడో పిసినారి చేసుంటాడు!"

"అదే నేనూ అంటున్నా! కానీ మెడ జోలికి మాత్రం రాకు. దాని మీద ఒక్క గీత పడిందా, నీకూ నాకూ చుట్టరికం లేదు."

మెడని ముట్టుకోకుండా తీగలకి జాగా ఇవ్వాలి. మిగిలిన దారి నట్ ఒక్కటే. మెడ పైచివర, గాట్లలో తీగలు కూర్చునే చిన్న ఎముక పట్టీ అది. బావ పాత పట్టీని పదిలంగా ఊడదీసి దాచి, కొత్తది కోశాడు. తీగల్ని రెండంచుల దాకా జరిపి, ఉత్సాహంగా అన్నయ్య చేతికిచ్చాడు.

అన్నయ్య సన్న తీగని నొక్కి లాగాడు. అది అరుగు మీంచి కాలు జారినట్టు మెడ అంచు దాటిపోయి, కుయ్యిమంది.

అన్నయ్య గిటారుని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "పోనీలే బావా. అమ్మేస్తాను."

"కూర్చోండి బావగారూ. నేనింకా మొదలే పెట్టలేదు." బావ లోపలికెళ్ళి పిండిముద్ద తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది కాస్త పట్టుకోండి, వీపు దురదగా ఉంది."

"ఏవండీ, నా పిండేదండీ?" వంటింట్లోంచి అక్క కేకేసింది.

"గాలాడనివ్వవే!"

అన్నయ్య వెళ్ళాక చూద్దును కదా, పిండిలో పడ్డ వేలిగుంటల్ని బావ స్కేలు పెట్టి కొలుస్తున్నాడు.

ఇక మొదలైంది పట్టు. కోయడం, బిగించడం, పెదవి విరిచి పక్కన పడేయడం. ఎముక పొడి వాసనకి వీధికుక్కలన్నీ గుమ్మం ముందు చేరాయి. బావ వాటిని కూడా ఎడంగా కూర్చోబెట్టాడు. శుక్రవారం కాబోలు, ఉన్నట్టుండి నెత్తి కొట్టుకున్నాడు.

"బామ్మర్దీ, నేను తీగ నడుమ నుంచి తీగ నడుమకి కొలుస్తున్నానురా! లావు తీగలూ సన్న తీగలూ ఒకటేనా? లావుపాటివాళ్ళు కూర్చుంటే బెంచీ మీద సందెక్కడ మిగులుతుంది?"

ఈసారి తీగల ఒంటినుంచి ఒంటికి, మధ్యనున్న ఖాళీని కొలిచాడు. అన్ని ఖాళీలూ సమానం, పిండిలో కొలిచిన వేలికి సరిపడా. చివరి తీగలు అంచుకి కాస్త లోపలే.

శనివారం క్లబ్బులో అన్నయ్య వాయించాడు. ప్రతి స్వరమూ విడివిడిగా, స్నానం చేసి తల దువ్వుకున్నట్టు బయటికొచ్చింది. ముఖం ముడుచుకుని కూర్చున్న డ్రమ్ములాయన కనుబొమ్మలు ముందు లేచాయి, తర్వాత తల ఊగింది. అయిపోయాక, "వచ్చేవారం కాస్త ముందు రండి, కొత్త పాట చూసుకుందాం" అన్నాడు.

అన్నయ్య ఛాతీ విరుచుకుని మా దగ్గరికొచ్చాడు.

"చూశారా, నా చేతుల్లో ఏ లోపమూ లేదు! అంతా గిటారుదే!"

"ముమ్మాటికీ గిటారుదే బావగారూ."

"నీది కూడానూ. మొదటిసారి అంచు దాటించేశావు. కళ్ళజోడు మార్చు."

"మారుస్తానండీ. చూపు తగ్గింది."

ఆ కళ్ళు వెంట్రుక మందం తేడా పట్టేస్తాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, మా లావుపాటి పిన్ని, చేతులున్న కుర్చీలో ఇరుక్కుపోయిన రోజు. అందరూ నవ్వుతుంటే కుర్చీని తిట్టి రంపం తెచ్చినవాడు ఈయనొక్కడే. ఇన్నేళ్ళుగా ఈయన వస్తువుల్ని జరుపుతున్నాడనుకున్నాం. ఎవరి తప్పునైనా సరే, వాళ్ళ మీంచి తీసి పక్కకి జరుపుతున్నాడని ఎవరికి తెలుసు!

నిజం చెప్పేద్దామని నా నోరు దురదపెట్టింది. "అన్నయ్యా, అసలు ఆ పిండిముద్ద..." అన్నానో లేదో, మనిషికీ మనిషికీ మధ్య గాలాడాలనే మా బావ, సందన్నదే లేకుండా, బూటుతో సహా నా కాలి మీద ఎక్కి నిలబడ్డాడు.