అవ్వ మూసిన కోట

జీతం ఆలస్యంగా, ఎండాకాలం తొందరగా వచ్చే ఆ కొత్త ఉద్యోగపు రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఫోనులో వీడియోలు చూస్తే లోకంలో రాని విద్య లేదని. ఆ నమ్మకంతోనే ఒకసారి దోసెలు వేయడం, ఇంకోసారి ఈత నేర్చుకున్నాను (దోసెలు పెనం వదల్లేదు, నేను గట్టు వదల్లేదు). అప్పుడు నేను గద్వాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల సారును. ఇరవై నాలుగేళ్లు. లెక్కలు వచ్చినవాడికి ఏ ఆటలోనూ ఎదురుండదని అనుకునే వయసు.

మా స్టాఫ్‌రూములోకి ఆ ఆటను తెచ్చింది కెమిస్ట్రీ మేడం. నాతోపాటే చేరింది, నాకంటే చురుకు. వాళ్ల తమ్ముడు హైదరాబాదు నుంచి పంపిన పెట్టెలో చదరపు అట్ట బిళ్లలుండేవి. ఒక్కో బిళ్ల మీద కోటగోడ ముక్కో, బాట ముక్కో, పచ్చిక ముక్కో ఉంటుంది. సంచిలో చెయ్యి పెట్టి ఒక బిళ్ల తీయాలి. కోట పక్కన కోట, బాట పక్కన బాట వచ్చేలా నేల మీదున్న బిళ్లలకు కలపాలి. మన చెక్క మనిషిని నిలబెడితే ఆ కోట మనది. చుట్టూ గోడ పూర్తయితే పాయింట్లు రెట్టింపు, ఆట ముగిసేసరికి ఎక్కడైనా సందు మిగిలితే సగమే. మేడం ఒకసారి పెట్టిన బిళ్లను నాలుగుసార్లు మార్చేది. అందుకని నేనే పెద్దమనిషి తరహాలో ఒక నియమం పెట్టాను. నేల తాకిన బిళ్లను మళ్లీ తీయకూడదు. (ఈ నియమాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. నేనైతే ఈ జన్మకు మరిచిపోను.)

ఎండాకాలం రాగానే ప్రిన్సిపాల్ గారు అడ్మిషన్ల ప్రచారానికి మా ఇద్దరినీ నియమించారు. ఒకరు గద్వాల గల్లీల్లో ఇంటింటికీ తిరిగి, చాయ్‌లు తాగి రావాలి. ఇంకొకరు పెబ్బేరు పశువుల సంతలో నిలబడి రైతులకు కరపత్రాలు పంచాలి. “సంతకు అన్ని ఊర్లోళ్లు వస్తరు. ఒక్క పూటల వంద ఊర్లు తిరిగినట్టే,” అనేది ఆయన సిద్ధాంతం. అంతకుముందు ఏడు నేనే వెళ్లాను. ఒక కోడె నా కరపత్రాల కట్టలో సగం నమిలేసింది. మిగతా సగం పంచుతుంటే ఒకాయన నన్ను పక్కనున్న ఎడ్ల ఆసామి అనుకుని “జత ఎంతకిస్తవ్?” అని బేరం మొదలుపెట్టాడు. చెప్పులకంటిన పేడ సంగతి ఇక్కడ వద్దు. అందుకే ఈసారి మేడం వంతని గట్టిగా చెప్పాను. “వంతులేంది సార్? ఆడదాం. ఓడినోళ్లు పెబ్బేరు,” అన్నది మేడం, సంచి ఊపుతూ. పౌరుషానికి పోయి సరేనన్నాను. పది రోజులు గడువు.

ఇక నా సాధన మొదలైంది. వీడియోల్లో ఒక గడ్డం కుర్రాడు రెండు మర్మాలు చెప్పాడు. ఒకటి, సంచిలో ఏ రకం బిళ్లలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకోవడం. రెండోది, ఎదుటివాళ్ల పెద్ద కోటలో ఏ బిళ్లా సరిపోని సందు ఒకటి సృష్టించి చల్లగా పక్కకు జరగడం. రెండోది నాకు ప్రాణం లేచొచ్చినంత నచ్చింది. అయితే సాధనకు మనిషి కావాలి కదా. మేడం దగ్గర ఆ పెట్టె అరువు తెచ్చే ధైర్యం లేక, అట్టముక్కలు కోసి బొమ్మలు గీసి, నేను అద్దెకుండే ఇంటి అవ్వను కూర్చోబెట్టాను. అవ్వా, ఆమె కొడుకూ చీరలు నేసేవాళ్లు. మధ్యాహ్నం మగ్గం ఆగిన గంటసేపు మా ఆట. అవ్వకు ఒక్క పూటలో ఆట పట్టుబడింది గానీ ఒక్కటే తంటా.

“ఏంది సారూ, గా సందు గట్లనే ఇడిసిపెడ్తివి?”

“అది నీ కోట అవ్వా. నేను మూయొద్దు. ఇడిసిపెట్టుడే తెలివి.”

“ఎవలదైతేంది? చిల్లు చిల్లే గద!” అని తన వంతు రాగానే నా కోటల చిల్లులన్నీ ముచ్చటగా మూసేసేది. నేను పదికి పది ఆటలు గెలిచాను. ఇదంతా నా వ్యూహమే అనుకున్నాను (నవ్వకండి, ఆ వయసులో మీరూ అనుకునేవారే). స్టాఫ్‌రూములో కాలరెగరేసి, “మా ఇంట్లో కోచ్ ఉంది మేడం. అరవై దాటిన చెయ్యి. జర జాగ్రత్త,” అని రోజూ ఊదరగొట్టాను.

పోటీ ఆదివారం పొద్దున. కాలేజీకి తాళం కాబట్టి అవ్వ వాళ్ల వరండాలోనే చాప వేశాం. అవ్వ పక్కన కూర్చుని రాట్నం మీద నూలు చుట్టుకుంటోంది. మేడం కోట చాప ఈ చివరి నుంచి గడప దాకా పెరిగింది. దాని నడుమ నేను కావాలనే ఒక సందు చేశాను. మూడు వైపులా కోట, నాలుగో వైపు బాట ఉన్న బిళ్ల తప్ప ఇంకేదీ దానికి పట్టదు. నా చీటీలో లెక్క ప్రకారం సంచిలో అలాంటిది ఒక్కటే ఉంది. ఆ కోటకు సగం పాయింట్లు లెక్కేసినా నాకు ఎనిమిది పాయింట్ల ఆధిక్యం. సంచిలో ఇంక నాలుగే బిళ్లలున్నాయనగా నేను చెయ్యి పెడితే, దేవుడా, సరిగ్గా అదే వచ్చింది! దాన్ని ఏదో మూలకు పారేస్తే చాలు, ఆట నాదే. కానీ వెంటనే పారేస్తే మజా ఏముంది? బిళ్లను నేల తాకనీయకుండా మోకాలి మీద పెట్టి, చాయ్ గ్లాసు అందుకుని, “మేడం, పెబ్బేరుల సోడా బండి సంత గేటు కాడనే ఉంటది. యాద్ పెట్టుకోండ్రి. ఎర్ర చున్నీ మాత్రం ఏస్కోకండ్రి, కోడెలకు…” అంటున్నాను.

రాట్నం ఆగింది. అవ్వ చెయ్యి నా మోకాలి మీదికి సాగి, బిళ్లను తీసి, మేడం కోట నడుమ టపీమని కూర్చోబెట్టింది.

“అవ్వా! ఏం చేస్తివే!” అని నేను అరిచిన అరుపుకు గూట్లో పావురాలు లేచిపోయాయి. “ఏం చేస్తి? గది గీడిదే గద. ఎంత సక్కగ కూసుంది సూడు,” అంటూ అవ్వ ఆ అతుకును బొటనవేలితో నిమిరింది. ఆడింది నేను కాదని వాదించాను. మేడం పొట్ట పట్టుకుని నవ్వుతూనే కేసు నడిపింది. “పది దినాల సంది కోచ్, కోచ్ అని మీరే చెప్తిరి. కోచ్ పెట్టినా మీరు పెట్టినట్టే. ఇగ నేల తాకిన బిళ్ల తీయొద్దని రూలు పెట్టింది ఎవలు సార్?” అప్పీలుకు పోను ఇంకో కోర్టు లేదు. ఆ ఒక్క కోటకే ఆమెకు ముప్పై పైచిలుకు పాయింట్లు వచ్చాయి. పది రోజులుగా నేను గెలిచింది ఎవరి చేతి చలవో కూడా అప్పుడే, ఆ చాప మీదే తెలిసొచ్చింది. సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు ఒళ్లు మండింది.

సాయంత్రం మగ్గం దగ్గరికి వెళ్లి, “నన్ను పెబ్బేరుకు తోలినవ్ గద అవ్వా,” అన్నాను. కొడుకు పక్కనే కూర్చుని నేస్తున్నాడు. ఒకే చీరలో అంచు పట్టు అవ్వది, నడిమి నూలు కొడుకుది. “గిటు సూడు. నా పోగు వాని పోగును పట్టుకోవాలె. వాని దిక్కు చిల్లు పడ్డదని నేను నవ్వుకుంట కూసుంటే చీర అయితదా? నువ్వే గెలుస్తవనుకున్న బిడ్డా. కానీ చిల్లు కండ్ల ముందల ఉంటే నా చెయ్యి ఊకుంటలేదు. ఏం జేయాలె?” అన్నది. మొహం చూస్తే నిజంగానే బాధపడుతోంది. దాంతో నా కోపం ఎటు పోయిందో తెల్వదు. సంత రోజు తెల్లారే జొన్నరొట్టెలు మూట కట్టి, ఎండదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిగడ్డ పెట్టి పంపింది. ఈసారి కోడె కరపత్రాల జోలికి రాలేదు. ఉల్లిగడ్డ కోసం జేబు చింపింది. అవ్వే దానికి రఫ్ఫు కుట్టింది, ఎక్కడ చిరిగిందో కనపడకుండా.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో ఉంటున్నాను. నెత్తి పలచబడింది. ఆ ఆట ఫోనులోకి వచ్చేసింది. గడ్డం కుర్రాడి మర్మాలు ఇప్పటికీ కంఠతా వచ్చు. మొన్న ఏ దేశంవాడో తెలియని ఒకడితో ఆడుతున్నాను. వాడి పెద్ద కోటలో ఒక్కటే సందు, దానికి పట్టే ఆఖరి బిళ్ల నా చేతిలో. మూలకు పారేస్తే గెలుపు నాది. వేలు మూల దాకా వెళ్లింది, ఆగింది, వెనక్కి వచ్చి ఆ సందును మూసేసింది. ఓడిపోయాను. అవతలివాడు ఆశ్చర్యపోయి, ఎందుకలా చేశావని ఇంగ్లీషులో అడిగాడు. అవ్వ గురించి, మగ్గం గురించి, నా పోగు నీ పోగును పట్టుకోవాలన్న సంగతి గురించి రెండు వాక్యాలు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేశాను. చివరికి పొరపాటున వేలు తగిలిందని రాసి, ఫోను పక్కన పెట్టి, చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను.