కట్ చేస్తే వస్తున్నట్టే

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, రుఖయ్యా దగ్గర ఆ సామెత తిరగబడింది. ఆమె నోరు మంచిది కాదని జెద్దాలో ఆమె ఉండే బిల్డింగంతా ఒప్పుకుంటుంది. ఆ నోటి వల్లే కుళాయిలో నీళ్లు వేళకు వస్తున్నాయని కూడా ఒప్పుకుంటుంది. రాయచోటి నుంచి ఇంటిపనికని వచ్చి, వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, విడుదల చేశాక ఆసుపత్రి క్లీనింగ్ కంపెనీలో చేరిన మనిషి. తాను తుడుస్తూనే మిగతా ఆడవాళ్లను నడిపిస్తుంది. నవ్వితే వార్డు చివరిదాకా వినబడుతుంది, కోప్పడితే పార్కింగ్ దాకా.

హవ్వాతో స్నేహం ఆ ఆసుపత్రిలోనే కుదిరింది. హవ్వా జెద్దాలోనే పుట్టింది. ఎప్పుడో హజ్‌కని ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన నల్లజాతి కుటుంబం వాళ్లది. పాస్‌పోర్టు సౌదీదే, చదివింది కంప్యూటర్లు. అయినా ఏ ఆఫీసుకు వెళ్లినా నవ్వుతూ కూర్చోబెట్టి, నవ్వుతూనే పంపించేసేవారు. చివరికి ఆసుపత్రిలో రోగుల ఫైళ్లు సర్దే పని దొరికింది. ఆమె బల్ల కింద తుడుస్తూ రుఖయ్యా, ఇంత చదువు పెట్టుకుని ఇక్కడేం చేస్తున్నావని అడిగేసింది. అలా అడిగిన మనిషి అంతవరకూ ఎవరూ లేరట. హవ్వాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇద్దరూ కలిసి తలపెట్టింది వ్యాను సర్వీసు. ఆసుపత్రుల్లో పనిచేసే ఆడవాళ్లు కంపెనీ వ్యాను కోసం ఎండలో మాడిపోతూ నిలబడతారు. ఒకరు ఆలస్యమైతే అందరి షిఫ్టూ ఆలస్యం. హవ్వా రాసిన ప్రోగ్రాము, వ్యాను వీధి మలుపు తిరగ్గానే ఎక్కాల్సినవాళ్లకు తనే ఫోన్ చేస్తుంది. ఎత్తితే వస్తున్నట్టు, లేకుంటే రానట్టు. ఎవరూ రాకపోతే వ్యాను ఆగకుండా సాగిపోతుంది. అక్షరం రాకపోయినా పర్వాలేదు, బటన్ల ఫోనైనా చాలు.

అప్పుడే జెద్దాలో ఒక కేంద్రం తెరిచారు. నల్లజాతివాళ్లకూ, వలసవచ్చిన కుటుంబాలవాళ్లకూ, టెక్నాలజీ గడప ఎన్నడూ తొక్కనివాళ్లకూ సొంత కంపెనీ పెట్టుకునే దారి చూపిస్తారట. ఎంపికైతే ఆఫీసు గది, శిక్షణ, ఆసుపత్రులతో ఒప్పందాలకు సాయం. కంపెనీ హవ్వా పేరున ఉంటుంది, రుఖయ్యా ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి కార్డు, దానికి మారుతుంది. ఎంపిక కాకపోతే హవ్వాకు మళ్లీ ఫైళ్లే, రుఖయ్యాకు మళ్లీ తడిగుడ్డే. రుఖయ్యాకు అనుమానమేమీ లేదు. ఎంపిక పరీక్షకు ముందురోజే హవ్వాకు కొత్త చెప్పులు కొనిపెట్టింది.

పరీక్ష నిజం వ్యానుతోనే. మధ్యాహ్నం షిఫ్టుకు హైదరాబాదీ డ్రైవరు దిలావర్ రుఖయ్యా వాళ్ల బిల్డింగు మలుపు తిరిగాడు. కేంద్రంలో పెద్ద తెర మీద పేర్లు వెలిగాయి. మొదట రుఖయ్యాతో పనిచేసే మహబూబ్బీ పేరు ఎర్రబడింది, అంటే రానంది. ఆ వెనకే అన్ని పేర్లూ ఎర్రబడ్డాయి. వ్యాను కదలమని తెర మీద ఆదేశం వచ్చేసింది. మీ వ్యాను మీ ఆడవాళ్లకే అక్కర్లేనట్టుందని న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దమనిషి మర్యాదగానే అన్నాడు.

రుఖయ్యా అప్పటికే ఫోనందుకుంది. "దిలావర్ భాయ్, బండి కదిలించినావంటే నీ కత ఉంటాది. ఆడే ఉండు."

ఫోను పెట్టేశాక గానీ వెలగలేదు ఆమెకు. అయ్యో, నా మతి మండా అనుకుంది. డ్రైవరు రింగిస్తాడు, మనం కట్ చేస్తాం. విన్నాను, దిగుతున్నాను అని దానర్థం. పైసా ఖర్చులేని ఈ జవాబు గల్ఫులో ఎవరికి తెలియదు? బిల్డింగుకు కొత్తగా వచ్చిన ప్రతి ఆడమనిషికీ నేర్పింది తనే. ఎత్తి హలో అన్నందుకు మహబూబ్బీని తిట్టింది కూడా తనే. ప్రోగ్రామును ఇంట్లో సరిచూసుకున్న రోజున మాత్రం రింగైన ఫోనల్లా తానే ఎత్తింది.

అదే లేచి నిలబడి చెప్పింది, వార్డుల్లో నేర్చిన అరబిక్‌లో, గొంతు తగ్గించకుండా. తప్పు నాదే, వాళ్లంతా దిగి వస్తున్నారు చూడండి అంది. చెప్తుండగానే దిలావర్ వీడియో పంపాడు. ఆడవాళ్లంతా వ్యాను ఎక్కుతున్నారు, తలుపు తీయలేదని అతన్ని దులిపేస్తున్నారు.

న్యాయనిర్ణేతల్లో కొలంబియా నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. వాళ్లమ్మ కూడా ఇళ్లు తుడిచి పెంచిందట. అయితే మీవాళ్లకు ఫోను ఎత్తడం నేర్పుతారా అని ఆవిడ అడిగింది.

రుఖయ్యా అన్నది అరబిక్‌లోనే, రాయచోటి మాటల్లో అయితే ఇది: "వాళ్లకు నేర్పేదేముండాది? వాళ్లు మాట చెప్పినారు. మేమే మిషన్‌కు ఆ మాట నేర్పలేదు. ఇప్పుడే నేర్పుతాం, కూచోండి."

హవ్వా అప్పటికే కీబోర్డు మీద పడింది. వ్యాను తరువాతి బిల్డింగు చేరేలోగా మార్చేసింది. కట్ చేస్తే వస్తున్నట్టు, మోగి మోగి ఆగిపోతేనే రానట్టు. ఈసారి పేర్లు వరసగా పచ్చబడ్డాయి. సల్మా ఒక్కతే ఎర్రగా మిగిలింది. జ్వరంతో ముసుగుతన్ని పడుకుందని దిలావర్ కబురు చెప్పాడు. కొలంబియా ఆవిడ చప్పట్లు కొట్టింది. మర్యాదస్తుడు మాత్రం కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఫలితం మర్నాడన్నారు. హవ్వా కేంద్రానికి వెళ్లింది, రుఖయ్యా డ్యూటీకి వచ్చింది. మంచి కబురైతేనే ఫోను, కాకపోతే సాయంత్రం ఎదురుగా కూర్చుని చెప్పుకుందాం అనుకున్నారు. పొద్దున్నుంచీ రుఖయ్యా తుడిచిన చోటే తుడుస్తోంది. ఎన్నడూ లేనిది, నోరు కూడా మెదపలేదు. వార్డంతా ఆమెకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంది.

జేబులో ఫోను మోగింది. హవ్వా పేరు చూసి రుఖయ్యా కట్ చేసింది. తుడిచే కర్రను బకెట్లో నిలబెట్టి, చేతులు కడుక్కుంది.

"ఎవరక్కా, ఎత్తకుండానే కట్ చేసినావు?" అంది మహబూబ్బీ.

"మన కంపెనీ, మే. రమ్మంటాంది."