జింక తోలు అని రాసినందుకు

మా మామ తోలుబొమ్మలాట కళాకారుడు. ఆటకు పిలిచేవాళ్ళు తగ్గిపోయాక అదే తోలుతో లాంప్ షేడ్లు చేయడం మొదలుపెట్టాడు. అదంతా మేకతోలే. అయితే పూర్వం దేవుళ్ళ బొమ్మలకు జింక తోలు వాడేవారట. అందుకే వెలుతురును బాగా దాటనిచ్చే తోలును ఇప్పటికీ మా ఇంట్లో "జింక తోలు" అని మెచ్చుకుంటారు.

డిగ్రీ చదివిన కోడలిని కదా. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఆ షేడ్లను ఒక అమ్మకాల సైట్లో పెట్టాను. "జింక తోలు" అన్న ఇంటి మెప్పునే ఇంగ్లీషులో రాసేశాను. సైటువాళ్ళు వాటిని మొదటి పేజీకి ఎక్కించారు, అమ్మకం జరిగినప్పుడల్లా కమీషన్ పట్టుకున్నారు.

ఒకరోజు జింక తోలు అమ్ముతున్నానని నా ఖాతా మూసేశారు. తాము మధ్యవర్తులు మాత్రమేనని, సరుకుకూ వర్ణనకూ బాధ్యత అమ్మినవారిదేనని మెయిల్ వచ్చింది. జింక తోలు అమ్మితే జైలని అప్పుడు తెలిసింది. మా పాప ఇంకా తల్లిపాలు మానలేదు. నన్ను తీసుకుపోతే దాని గతేమిటి?

అటవీ శాఖ ఆఫీసరు జీపులో వచ్చాడు.

"ఏమ్మా, ఇంటర్నెట్లో జింకలను మేపుతాండావంట?"

"మేకతోలు సార్."

"జింకని రాసింది నువ్వే కదా. మేకని రాసింటే నాకీడ ఏం పని?"

మామ తోలు గీకే కత్తి కింద పెట్టాడు. "ఆ సైటోళ్ళను కూడా అడుగు సారూ. ఎద్దుల సంతలో జాగా ఇచ్చి సుంకం వసూలు చేసేటోడు వేరే, టవలు కింద చెయ్యి పెట్టి బేరం కుదిర్చే దళారి వేరే. ఎద్దు కుంటిదైతే దళారినే పట్టుకుంటాం. సరుకును అందరికీ ముందర పెట్టి చూపించి, కమీషన్ తిన్యారు. ఉత్త జాగా ఇచ్చినోళ్ళు ఎట్లయితారప్పా?"

ఆఫీసరు నవ్వాడు. "వాళ్ళు తెలిసే పెట్టినారని నువ్వు చూపియ్యల్ల పెద్దాయనా. లేకుంటే చట్టం వాళ్ళను ఇడిసిపెడ్తాది. రాసినోళ్ళను ఇడిసిపెట్టదు."

పరీక్షకని ఒక షేడ్ తీసుకుని, రిపోర్టు వచ్చేదాకా ఊరు దాటొద్దని నాకు చెప్పి వెళ్ళాడు.

ఆ తర్వాత రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా పాపను ఎత్తుకుని వెనక గదిలోకి పోయేదాన్ని. నేను లేకపోయినా బతకాలని గ్లాసుతో పాలు అలవాటు చేయబోయాను. నా మొహం మీదే ఉమ్మేసేది.

చివరికి ఆఫీసరు ఫోన్ చేశాడు. మేకతోలేనట, కేసు లేదట. సైటువాళ్ళు ఖాతా తెరిచారు, మళ్ళీ నిబంధనలకు ఒప్పుకోమన్నారు. మొదటిసారి చదవకుండా సరేనని నొక్కేసిన వాటిలో ఈసారి ప్రతి వాక్యమూ చదివాను. ఏం జరిగినా నాదే బాధ్యత అన్న చోట చాలాసేపు ఆగిపోయాను. ఇంట్లో మామ చేసిన షేడ్లు అమ్ముడుపోక మూలన పడి ఉన్నాయి.

ఒప్పుకున్నాను. వర్ణనలో "మేకతోలు" అని మాత్రం రాశాను.