మార్కు పథ్యం, సదయ్య ఆరోగ్యం

మార్కు త్రేన్చితే సెంటినరీ కాలనీలో సెకండ్ షిఫ్టు వాళ్ళు సైరన్ మోగిందనుకుని టోపీలు పెట్టుకునేవారు. నమ్మకపోతే మీ ఇష్టం. బొగ్గుబాయిలో పనిచేసే ఆ మనిషికి చర్చిలో మాత్రం గంట లాంటి గొంతు. ప్రతి క్రిస్మస్‌కూ మొదటి పాట ఆయనదే. రెండువేల ఆరులో బాలయేసును జోకొట్టే చరణం మధ్యలో ఆ త్రేన్పు రానే వచ్చింది. వేదిక పక్కన క్రిస్మస్‌కని వేసిన పశువుల పాకలో కట్టేసిన గొర్రెపిల్ల తాడు తెంపుకుని గోదావరి ఒడ్డు దాకా ఉరికింది.

"వచ్చేసారి గూడ గిట్లనే అయితే పాట ఎలీషాకిస్త మార్కూ," అన్నాడు పాస్టరయ్య.

ఎలీషా గొంతు పగిలిన డప్పు. ఆ మాట ఏడాదంతా మార్కును కుమ్మింది. చివరికి దసరా దాటాక, దవాఖానకు కొత్తగా వచ్చిన డైటీషియన్ కెరోలిన్ దగ్గరికి పోయాడు. తోడుగా బాయి దోస్తు సదయ్య, ఛాతీలో మంటని రుద్దుకుంటూ.

మార్కు గోలీల కోసం చెయ్యి చాపాడు. ఆ పిల్ల ముచ్చట పెట్టింది.

"ఏ షిఫ్టుల ఎప్పుడు తింటవు కాకా? పప్పు తిన్ననాడు ఎట్లుంటది?"

"అందరికిచ్చేదే నాకియ్యి బిడ్డా, జల్ది పోత."

"అందరి కడుపు నీకున్నదా కాకా?"

అడిగి అడిగి తేల్చింది. శనగపప్పు, మిరపకాయ తొక్కు మార్కుకు పడవు. ఖాళీ కడుపున చాయ్ వద్దు. షిఫ్టు మారితే తిండివేళా మారాలి. జొన్న గట్క, బీరకాయ కూర, పలుచటి మజ్జిగ మేలు. భార్య సుగుణమణి చెప్పింది చెప్పినట్టు వండి డబ్బా కట్టింది.

నెల తిరిగేసరికి త్రేన్పు ఇంకా బలిసింది. మార్కు సదయ్యను వెంటేసుకుని మళ్ళీ వచ్చాడు.

"నీ పథ్యం పనిచేస్తలేదు బిడ్డా."

కెరోలిన్ మార్కును వదిలి సదయ్యను చూసింది. నవనవలాడుతున్నాడు.

"సదయ్య కాకా, నీ మంట ఏమైంది?"

"ఏడున్నదమ్మా! మార్కన్న డబ్బల గట్క తినుడు షురువైనంక మాయమైంది."

"మరి మార్కు కాక ఏం తింటడు?"

"మా డబ్బలల్ల శనగపప్పు, తొక్కు."

బాయిలో తిండివేళ డబ్బాలన్నీ నడుమ పెట్టుకుని, ఎవరి చేయి ఎవరి డబ్బాలో పడితే అది తింటారు. తనది తానే తినేవాడిని మనిషి కింద లెక్కెయ్యరు.

"రేపటిసంది నీ డబ్బ నువ్వే తిను."

"గట్ల తింటే, బాయిల పైబండ కూలిననాడు నన్నెవడు బయటికి గుంజుతడు బిడ్డా?"

కెరోలిన్ డబ్బాలు విడదీయలేనప్పుడు వంటలే మార్చాలనుకుంది. మార్కుతో కలిసి తినేవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, ఆయన కడుపుకు పడేటట్టు వండడం ఆడవాళ్ళకు నేర్పింది. త్రేన్పు సన్నబడుతూ వచ్చింది. క్రిస్మస్ పొద్దున చివరిసారి చూసిపోదామని కెరోలిన్ ఆ ఇళ్ళకు వెళ్తే, వాళ్ళు ఊరికే పోనిస్తారా?

"పథ్యం మార్కన్నకు, నీకు కాదు. తిను అక్కా!" అని ఇంటింటా గారెలు, శనగపప్పు కూర పెట్టారు.

ఆరాధనలో మార్కు పాట ఎత్తుకున్నాడు. జోకొట్టే చరణం వచ్చింది. చర్చి ఊపిరి బిగబట్టింది. అంతలో ఖంగుమని ఒక త్రేన్పు!

ఎలీషా ఆశగా లేచి నిలబడ్డాడు. గొర్రెపిల్ల తాడు గుంజింది. అందరూ మార్కు వైపు తిరిగారు. మార్కు నోరు మాత్రం ఇంకా రాగం మీదే ఉంది. ఆడవాళ్ళ ముందు వరుసలో కెరోలిన్ కొంగుతో నోరు మూసుకుంది.

మార్కు చరణం పూర్తిచేసి, మెట్లు దిగి, ఆమె ముందుకు వంగాడు.

"ఏ షిఫ్టుల ఏం తిన్నవు బిడ్డా?"