అత్త పోనిచ్చిన బస్సు

మొన్న మంగళవారం తెల్లారేసరికి మా మేనత్త పోయింది. కబురు తెచ్చిన జీతగాడు చిక్కబళ్ళాపురంలో మా ఇంటి గడప దగ్గరే నిలబడి, "అమ్మా, మీ అత్తమ్మ పోయింది. ఎత్తే లోపల రావాలంట" అన్నాడు. నేను మా పుట్టినూరు బట్లహళ్ళి చేరేసరికి స్నానం చేయించి వాకిట్లో పడుకోబెట్టారు. నొసట ఇంత విభూతి. నేను కుంకుమ బరిణె పట్టుకుని దగ్గరికి పోతే మా పెద్దనాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంగనన్నా మానంగా పోనీ ఆ యమ్మిని," అన్నాడు.

మానమంట. ఆ మాటకు నా ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా అత్త ఎవరో మీకు తెలియదు. తెలిసిన మావాళ్ళు ఆమెను ఏం చేశారో మీరైనా తెలుసుకోండి.

అత్త పెద్దనాయనకు చెల్లెలు, మా నాయనకు అక్క. ఇరవై నిండకుండానే మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటినుంచి మావాళ్ళలో ఏ పెళ్ళి జరిగినా ఓళిగలు ఆమె చేతివే. పిండి తట్టుతూ, "పూర్ణం ఎక్కువైతే ఓళిగ పగులుతాది, మాట ఎక్కువైతే ఇల్లు పగులుతాది" అనేది. పెళ్ళికొడుకు బయలుదేరే వేళకు మాత్రం ఎవరూ చెప్పకముందే కట్టెల కొట్టంలోకి తప్పుకునేది. విధవ ఎదురు రాకూడదు. ఆమె చేసిన ఓళిగలు మాత్రం నెయ్యి వేసుకుని లొట్టలేస్తూ తినొచ్చు. ఇది ఏ శాస్త్రంలో ఉందో పెద్దనాయననే అడగాలి.

నాకు పెళ్ళి కుదిరిన ఏడు అత్తా నేనూ చింతామణి సంతకు పోయాం. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో బెంగళూరు పిల్లలు కొందరు మూడు కాళ్ళ మీద కెమెరా నిలబెట్టి, జనాన్ని పక్కకు జరుపుతున్నారు. సినిమా పని చదువుకునే పిల్లలంట.

"ఏం చేస్తాండారప్పా ఈడ?" అని అత్త అడిగింది.

పరీక్ష కోసం చిన్న సినిమా తీస్తున్నామని, కొడుకు కోసం బస్టాండులో ఎదురుచూసే తల్లి వేషానికి ఒప్పుకున్న ఆమె రాలేదని, కళ్ళద్దాల అబ్బాయి కన్నడంలో చెప్పాడు. చెబుతూనే అత్త మొహం చూసి బతిమాలడం మొదలుపెట్టాడు. "నిలబడేదే గదా, దానికేం" అంది అత్త.

వాళ్ళలో ఒక అమ్మాయి అత్త నొసలు చూసి, "చెమటకు బొట్టు చెరిగిపోయినట్టుందమ్మా" అని, తన సంచిలోంచి కుంకుమ తీసి పెట్టేసింది. అత్త నిండుగా కొంగు కప్పుకుని ఉంది. గాజులు లేని చేతులు ఆ పిల్లకు కనిపించలేదు. నేను నోరు తెరవబోతే అత్త నావైపు చూసింది. ఆ చూపుకు ఊరుకున్నాను.

"ఇది బొమ్మలో ఎర్రగా కనిపిస్తాదా అప్పా?" అని అడిగింది.

రంగులు రావని, నల్లగా పడుతుందని ఆ అబ్బాయి చెప్పాడు.

"నలుపైనా బొట్టు బొట్టే గదా," అంది అత్త.

కెమెరావైపు చూడొద్దని చెబితే, "నన్ను చూసేవాళ్ళను నేను చూస్తే తప్పేముండాది?" అని నవ్వింది. తర్వాత వాళ్ళు నిలబడమన్న చోటే నిలబడి రోడ్డు వైపు చూసింది.

మేం ఊరు చేరేలోగా కబురు చేరింది. పెద్దనాయన వాకిట్లోనే కాచుకుని ఉన్నాడు.

"ముత్తైదువ వేసం కట్టి బస్టాండులో నిలబడితివంట. మేం తల యాడ పెట్టుకునేది?"

"మీ పరువంతా నా నొసటనే ఉండాదా అన్నా?" అని అత్త లోపలికి పోయింది.

ఇక శుభకార్యాల్లో ఆమె పొయ్యి ముట్టకూడదని ఆ రోజే తేల్చేశారు. నా పెళ్ళికి ఎవరో వంటవాళ్ళు అట్టముక్కల్లాంటి ఓళిగలు చేశారు. అత్తను కొట్టంలో పెట్టి తలుపేశారు. నేను కాళ్ళకు మొక్కి వస్తానంటే పెద్దనాయన అడ్డం నిలబడ్డాడు. మా నాయన పంచె సర్దుకుంటూ నేల చూశాడు. నాయన మీద నాకు ఆ కోపం పోలేదు, పోదు.

ఇప్పుడు పెద్దనాయన ఆమెకు ఇష్టమని పెద్ద దినానికి ఓళిగలు పెట్టిస్తాడంట. బంధువులంతా రండి, మింగుడు పడితే తినండి.

ఆ పిల్లలు పరీక్ష పాసయ్యారో లేదో నాకు తెలియదు. ఆ సినిమా మావాళ్ళెవరూ చూడలేదు. అది ఏ డబ్బాలో పడి ఉన్నా, అందులో మా అత్త నొసట బొట్టుంది. దాన్ని తుడవడానికి మా పెద్దనాయన చెయ్యి అందదు.

ఆ రోజు పని ముగిశాక ఆ అమ్మాయి తడిగుడ్డతో బొట్టు తుడవబోయింది. అత్త మొహం పక్కకు తిప్పుకుని, "ఉండనీమ్మా, బస్సొచ్చేదాకా" అంది. అంతలోనే మా ఊరి బస్సు వచ్చింది. మా దాయాది ఒకాయన మెట్టు మీద కాలు పెట్టి, అత్త నొసలు చూసి, ఒక్క క్షణం ఆగి, ఎక్కాడు. ఆయన పోయి ఎవరికి ఏం చెబుతాడో అత్తకు తెలుసు. నేను సంచి ఎత్తుకుని తొందరపెట్టాను.

"పోనీలే పాపా. తర్వాత బస్సుకు పోదాం."

బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. అత్త తల మీది కొంగు తీసేసి, అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూస్తూ ఉంది.