కోడుమూరు దారిలో నూట పద్దెనిమిది వేలిముద్రలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో జరిగిన ఎన్నికల మాట ఇది. ఓట్ల లెక్కింపు ముగిసిన మర్నాడు ఉదయం ఏడుంబావుకు కర్నూలులో కోడుమూరు బస్సెక్కాను. తప్పించుకునే దారి ఉంటే ఎక్కేవాణ్ణి కాదు. ఒక ఊరికి వెళ్ళి, మీ ఓట్లు చెల్లలేదని చెప్పి రావాలి. ఆ మాట చెప్పాల్సినవాడు నా బావమరిది. ఓడిపోయాడు కనుక దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకున్నాడు. "నువ్వే వెళ్ళు బావా, వాళ్ళకు నేర్పింది నువ్వే కదా" అన్నాడు ముసుగులోంచే. అబద్ధమైతే కోపం వచ్చేది. నిజమే కాబట్టి నోరు మూసుకుని చొక్కా తొడుక్కున్నాను.

మాది కడప జిల్లా కమలాపురం. రిజిస్ట్రారు కచేరీ ముందు చాప పరుచుకుని దస్తావేజులు రాసి బతుకుతాను. బావమరిది కర్నూలులో చిన్న వకీలు. ఏ పార్టీ అండా లేకుండా పడవ గుర్తు మీద నిలబడ్డాడు. ప్రచారానికి సాయం రమ్మంటే వెళ్ళి, మూడు వారాల ముందు ఆ ఊళ్ళో రెండు రోజులున్నాను. ఊరి పేరు రాయను. రాస్తే ఆ తప్పు ఊరి పేరు మీదే నిలిచిపోతుంది.

ఆ ఊరి చెరువుకు గండి పడి అప్పటికి మూడేళ్ళు. చెరువు కింద మళ్ళున్న రైతులూ, చెరువులో వల వేసుకునే బెస్తలూ ఒక్కసారే చితికిపోయారు. గెలిస్తే మొదట ఆ గండే పూడ్పిస్తానని బావమరిది మాటిచ్చాడు. ఊరంతా కలిసి పడవకే వేస్తామన్నారు. నేను నా విద్య చూపించాలని గండి గురించి ఒక అర్జీ రాసి, అందరిచేతా వేలిముద్రలు వేయించాను. వేయిస్తూ, రోజూ కచేరీ ముందు అనే మాటే అన్నాను. "వేలిముద్ర లేని కాగితం సర్కారు కంటికి ఆనదు. ఏ కాగితమైనా సరే." ఆ చివరి ముక్క అనకపోతే నా సొమ్మేం పోయేది!

అప్పట్లో ఓటు కాగితం మీద ముద్ర కొట్టే పని లేదు. తెర చాటున ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. బయట అధికారి ఎడమచేతి చూపుడువేలికి సిరా రాసి, కాగితం చేతికిస్తాడు. తెర వెనక్కి ఒక్కరే వెళ్ళి, కావలసిన పెట్టెలో వేసి రావడమే. ఆ ఊరివాళ్ళ వేలికి సిరా రాశారు, చేతికి సర్కారు కాగితం ఇచ్చారు. వాళ్ళు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ రెండూ ఒకచోట చేరితే చేసే పని ఒక్కటే. సిరా తడి ఆరకముందే కాగితం మీద వేలు నొక్కి, పడవ పెట్టెలో వేశారు. ఎవరు వేశారో తెలిసిపోయే కాగితం చెల్లదని చట్టం. ఆ ఊరి పడవ పెట్టెలో నూట పద్దెనిమిది కాగితాలు అట్లా పక్కకు పోయాయి. బావమరిది ఓడింది తొంభై ఒక్క ఓట్లతో. లెక్కింపు దగ్గర అతని తరఫున కూర్చున్నది నేనే. ఒక్కో కాగితం తీసి పక్కన పెడుతుంటే నా చేత్తోనే లెక్క రాసుకున్నాను.

బస్సు టిక్కెట్టు రూపాయి మూడణాలు. ఆ దారిన పోయేవాళ్ళు కుడివైపు కూర్చోవాలి, పొద్దున ఎండ ఎడమవైపు కొడుతుంది. నాకది తెలియక ఎడమవైపు కూర్చున్నాను. పక్కనే ఆ ఊరి రైతు దేవదానం దొరికాడు. చెరువు కింద రెండెకరాలున్నాయి. చర్చిలో కీర్తనలు ఎత్తుకునేది ఇతనే. నన్ను చూడగానే మొహం వికసించింది.

"ఏమప్పా, గెలిచినామంట గదా! ఈ ఆదివారం చర్చిలో ప్రార్థన గూడ జేసినాము."

"ఊళ్ళో చెప్తాలే. ఇంతకూ నువ్వెక్కడికి వెళ్ళొస్తున్నావు?" అన్నాను మాట మార్చి.

ఎద్దు బేరానికి వెళ్ళాడట. జతలో ఒకటి నిరుడే అమ్మేశాడు. రెండోది కర్నూలు బేరగాడికి చూపిస్తానని చెప్పి వచ్చాడు. "శుక్రవారం వస్తానన్యాడు. ఇంగ రావద్దని కబురు జేస్తా. గండి పూడితే దున్నేదానికి ఎద్దు ఉండల్ల గదా" అన్నాడు. నేను కిటికీలోంచి కోసేసిన జొన్న చేలను చూస్తూ కూర్చున్నాను. ఒట్టి పిరికివాణ్ణి.

తొమ్మిదింబావుకు కోడుమూరు. రెండణాలకు బొరుగుల ఉగ్గాని, రెండు బజ్జీలు. దేవదానం తన వంతు తనే ఇస్తానన్నా వినకుండా నేనే ఇచ్చాను, ఏదో పాపం తగ్గుతుందన్నట్టు. అక్కడినుంచి ఆరు మైళ్ళు నడక. దారి పొడుగునా అతను ఏ మడిలో ఏం వేస్తాడో చెప్తూనే ఉన్నాడు.

ఊరు చేరేసరికి పన్నెండు కావస్తోంది. బెస్తల పెద్ద ఉరుకుందప్ప ఇంటి ముందు జొన్నచొప్ప వామికి, గాలికి ఎగిరిపోకుండా వల కప్పి ఉంది. పెద్ద చేపలు పట్టే మంచి వల. "నీళ్ళు ల్యాకపోతే వల ఏం జేయల్లప్పా, గడ్డిని పడతాండాది" అన్నాడతను నవ్వుతూ. ఇంట్లో ఆడవాళ్ళు రోడ్డు పనికి కంకర కొట్టడానికి పోయారట.

నేనొచ్చానని తెలిసి ముప్పై మంది దాకా చేరారు. నిలబడే చెప్పేశాను. ఓడిపోయామన్నాను. ఈ ఊరి కాగితాలు చెల్లలేదన్నాను. ఎందుకో చెప్పాను. ఉరుకుందప్ప తన ఎడమచెయ్యి చాపి చూపుడువేలు చూసుకున్నాడు. గోటి మొదట్లో సిరా ఇంకా నల్లగా ఉంది.

"అయితే మేము ఓటు ఎయ్యలేదంటావా?"

"వేశారు. వేలిముద్ర ఉంటే ఎవరిదో తెలిసిపోతుందని, లెక్కలోంచి తీసేస్తారు."

"తెలియల్లనే గదప్పా ఏసింది! మా ఊరు మాట తప్పలేదని మీకు తెలియల్ల గదా" అన్నాడు.

వేలిముద్ర మాట చెప్పింది నేనేనని, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. వెనక నుంచి ఒక ముసలామె, "ఆ కాగితాలు ఇప్పుడు యాడ ఉండాయి? గెలిచినాయప్ప చేతికి పోయినాయా?" అని అడిగింది. లేదమ్మా, సీలు వేసి దాచారు, ఎవరూ చూడరన్నాను. నమ్మలేదు. "మా ఏలుముద్రలతోనే గదా భూములు పోతాండేది. పడవకేసినోళ్ళు ఎవరెవరో ఆయప్పకు తెలిసిపాయె" అంది. గుంపులో ఒక్కసారి గుసగుసలు లేచాయి. నేను తెచ్చిన వార్త కంటే పెద్ద భయం వాళ్ళకు పట్టుకుందని అప్పుడు తెలిసింది.

ఉరుకుందప్ప ఇంట్లోనే జొన్నరొట్టె, శెనక్కాయల పచ్చడి పెట్టారు. "చెరువుంటే చేప పెడతాంటిమి" అన్నాడతను చిన్నబోయి. మొదటి అర్జీ బావమరిది గెలుస్తాడని అతని పేరిట రాసింది, ఇక పనికిరాదు; తిన్నాక ఇంకోటి రాస్తానన్నాను. ఎవరు గెలిచినా సర్కారు సర్కారే, వానల లోపు గండి పూడ్చమని అడుగుదాం, రేపు నేనే కర్నూలు కచేరీలో ఇస్తానన్నాను. రాయడం అయ్యాక వేలు అద్దే సిరా బిళ్ళ తీసి ముందు పెట్టాను.

ఉరుకుందప్ప ఆ బిళ్ళను చేతిలోకి తీసుకున్నాడు.

"సామీ, దీని మింద ఏలుముద్ర ఎయ్యల్నా, ఎయ్యకూడదా?"

వెయ్యాలన్నాను. ఇది అర్జీ, అది ఓటు అని తేడా చెప్పాను. నాకే నా గొంతు అబద్ధంలా వినిపించింది. దేవదానం ముందుకొచ్చి మొదటి ముద్ర వేశాడు. తర్వాత ఉరుకుందప్ప. ఆ తర్వాత బతిమాలితే ఐదుగురు. మిగతావాళ్ళు పంచెకు చేతులు తుడుచుకుంటూ, పని ఉందంటూ ఒక్కొక్కరే జారుకున్నారు.

నాలుగున్నర బస్సు కోసం కోడుమూరు దాకా నన్ను దిగబెట్టడానికి దేవదానమే వచ్చాడు. ఈసారి మడి మాట, పంట మాట ఎత్తలేదు. బస్సు కదిలేముందు, "శుక్రవారం బేరగాణ్ణి రానిస్తాలేప్పా. మేత గూడ ల్యాదు" అన్నాడు.

ఆ రాత్రి కర్నూలు సత్రంలో నాలుగణాలకు పడక. చాప మీద నల్లులున్నాయి, వెళ్ళేవాళ్ళు సొంత దుప్పటి తీసుకెళ్ళడం మంచిది. పొద్దున పదకొండుకు కచేరీకి వెళ్ళి అర్జీ ఇచ్చాను. గుమాస్తా మర్యాదస్తుడే. మొత్తం చదివి, కాగితం తిప్పి, వేలిముద్రలు లెక్కపెట్టాడు.

"ఊరంతటికీ కష్టమని రాశారు. ముద్రలు ఏడేనా? మిగతా ఊరికి గండి పూడనక్కర్లేదా?"

"భయపడ్డారండీ."

"భయమని ఫైల్లో రాయలేను కదండీ" అన్నాడు. ఏడుగురి మనవి కింద నమోదు చేసుకుని, కట్ట అడుగున పెట్టాడు.

మధ్యాహ్నం రైలెక్కాను. కమలాపురానికి మూడో తరగతి నాలుగు రూపాయల చిల్లర. ద్రోణాచలంలో ఒకసారి, గుంతకల్లులో ఒకసారి మారాలి. గుంతకల్లులో రైలు మారాక ఎదురుగా కూర్చున్న శెనక్కాయల వ్యాపారి, "కర్నూలువైపు ఎవరు గెలిచినారప్పా?" అని అడిగాడు. బావమరిదిని ఓడించినవాడి పేరు చెప్పాను. "ఆయప్పైతే జనం బలం శానా ఉండాదంట" అన్నాడు. ఉందన్నాను.

కిటికీ అవతల ఎండిన చేలు పోతూనే ఉన్నాయి. ఒళ్ళో సంచిలో సిరా బిళ్ళ ఉంది. మర్నాడు మళ్ళీ చాప పరవాలి, ఎవరి బొటనవేలో పట్టుకుని కాగితం మీద నొక్కించాలి. ముద్రలు ఉండకూడని కాగితాల మీద నూట పద్దెనిమిది పడ్డాయి. ఉండాల్సిన కాగితం మీద ఏడే పడ్డాయి. మొదటి తప్పు నా మాట నమ్మి చేశారు, రెండోది ఇక నన్ను నమ్మలేక చేశారు.