అమ్మ ఒళ్లో పొత్రం

దయ్యాలున్నాయంటే పిల్లల ముందే నవ్వేసే సైన్సు టీచర్ని నేను. మా ఇంట్లో రోజూ ప్రార్థన జరిగేది, దయ్యం మాటెత్తితే అమ్మే కసిరేది. ఇప్పటికీ నేను నమ్మను. కానీ అమ్మ విషయంలో జరిగింది చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

అమ్మ మిరపచేలల్లో కూలికెళ్లి నన్ను చదివించింది. పెద్దతనంలో పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. నన్ను కూడా ఎవరో అన్నట్టు చూసేది. ఇక ఇంతేనన్నారు డాక్టరు. ఒక్కసారి పేరుపెట్టి పిలిస్తే చాలని, రోజూ మంచం పక్కన కూర్చుని "అమ్మా, నేనెవర్ని?" అని అడిగేదాన్ని.

చీమకుర్తి దగ్గర మాకున్న కాస్త పత్తి చేలో నీటిగుంట తవ్విస్తుంటే గుండ్రంగా పేర్చిన రాళ్లు బయటపడ్డాయి. పాతకాలపు సమాధి. పురావస్తు శాఖ వాళ్లు వచ్చి తవ్వారు. లోపల కుండలు, ఒక పసిబిడ్డ ఎముకలు, తల పక్కన పచ్చళ్లు నూరే పొత్రం.

"సమాధికంటే ఈ పొత్రం చాలా పాతదండీ," అన్నారు వాళ్ల అధికారి. "ఎన్ని తరాల చేతులు పడితే ఇంత అరుగుతుంది! వాళ్లకీ అమ్మమ్మలు, తాతమ్మలు ఉంటారు కదండీ. గుర్తుగా దాచుకునుంటారు."

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లోనూ అంతే. మిక్సీ కొన్నాక కూడా అమ్మమ్మ పొత్రాన్ని అమ్మ పారేయనివ్వలేదు. మావైపు బిడ్డని మొదటిసారి ఉయ్యాల్లో వేసేటప్పుడు ముందు పొత్రాన్ని పడుకోబెడతారు, బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. చర్చికెళ్లే ఇళ్లలోనూ ఈ అలవాటు పోలేదు. నన్నూ అలాగే వేశారట.

దొరికినవన్నీ వ్యాను వచ్చేదాకా మా వరండాలో పట్టా మీద పెట్టారు. పక్కనే అమ్మ మంచం.

మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ లేచి కూర్చుని ఉంది. ఒళ్లో ఆ పొత్రం. కొంగు కప్పి జోకొడుతోంది, పడిపోయిన కుడిచేత్తోనే.

"మా చిన్నదానికి తోడుగా పడుకోబెట్టాం గదయ్యా, ఎందుకు లేపారు?" అంది అధికారితో. ఆయన టీ గ్లాసు కింద పెట్టి మంచం దగ్గరికొచ్చారు.

నేను మంచం పక్కన కూర్చున్నాను. "అమ్మా, నేనెవర్ని?"

నా వంక చూసింది. ప్రేమగానే చెప్పింది.

"నువ్వింకా పుట్టలేదమ్మా."

ఇంతలో వ్యాను వచ్చింది. ఆ పొత్రాన్ని తీసుకెళ్లొద్దని బతిమాలాను. "ప్రభుత్వ సొత్తండీ, నా చేతుల్లో లేదు," అన్నారాయన. ఒళ్లోంచి తియ్యగానే అమ్మ చెయ్యి వాలిపోయింది. మా ఇంటి పొత్రాన్ని తెచ్చి ఒళ్లో పెట్టాను, కొంగు కూడా కప్పాను. అమ్మ దానివైపు చూడనైనా చూడలేదు. పత్తి తీతలు అయ్యేలోపే పోయింది.

తర్వాతెప్పుడో ఆయన ఫోన్ చేశారు. దవడ ఎముకలోని పంటిని పరీక్షకి పంపితే ఆ బిడ్డ ఆడపిల్లని తేలిందట. తవ్విన రోజు ఆ సంగతి మాలో ఎవరికీ తెలియదు.

చచ్చుబడిన చెయ్యి, పోయిన మాట ఒక్కోసారి ఉన్నట్టుండి తిరిగి రావొచ్చన్నారు డాక్టరు. సరే, నమ్ముతాను. అమ్మ 'చిన్నది' అనడం కూడా గుడ్డిగా తగిలిందే అనుకుంటాను. కానీ ఏ కాలందో తెలియని ఆ బిడ్డ అమ్మకి గుర్తుంది. తను కని, పెంచి, ఇంతదాన్ని చేసిన నేను గుర్తులేను. ఎందుకో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు.